కుట్టుమిషను మీద సర్వర్

కాఫీ దిగేలోపే గొడవ మొదలవడం ఆ ఇంట్లో ఈ మధ్య మామూలైపోయింది. ముత్తియాల్‌పేటలో ఒక ఇరుకు వీధి, కింద పచారీ అంగడి, మీద కాపురం. అంగడి పట్టాభిగారిది. ఇల్లు మాత్రం ఆయన భార్య పట్టమ్మాళ్‌ది. ఆ సంగతి పట్టాభిగారే అందరికీ చెబుతుంటారు.

ఆ రోజు కోడలు కోమల లేచి వెనక గదిలోకి వెళ్ళేసరికి, ఆమె సర్వర్ కంప్యూటరు నిలువునా పాత దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. కోమల దుప్పటి లాగేసి పెట్టె మీద చెయ్యి వేసింది. చెయ్యి చురుక్కుమంది.

"అత్తా! మళ్ళీ దుప్పటి కప్పినారా?"

"దుమ్ము పడతా ఉండాది గదమ్మే," వంటింట్లోంచే జవాబు వచ్చింది. "నవరాత్రులకి గోడలన్నీ దులిపినా. కప్పకపోతే ఎట్ల?"

"దీనికి గాలి ఆడాలత్తా. ఎనక ఫ్యాను ఉండాది. ఎన్నిసార్లు చెప్పినా!"

"గాలి ఆడాలంట! మీ మామకే ఈ ఇంట్లో గాలి ఆడేదానికి చోటు లేదు. రేయీ పగలూ గుర్రుగుర్రుమంటా, కరెంటు తాగతా... తెర లేదు, కొట్టేదానికి మీటలు లేవు. దాన్ని చూసి కంప్యూటరంటే ఎవురన్నా నమ్ముతారా? పాత సామాన్లోడు వస్తే ఏసేస్తా, పీడ పోతాది."

పట్టాభిగారు పేపరు కొంచెం పైకెత్తుకున్నారు. కొడుకు అరవింద్ స్కూటరు తాళం వెతుక్కుంటున్నట్టు నటించాడు. తాళం వాడి చేతిలోనే ఉంది.

నిజానికి ఆ పెట్టె ఆ ఇంటి పాత మనిషే. అంగడిలో బిల్లులు కొట్టీ కొట్టీ ముసలిదైపోతే, అరవింద్ కొత్తది కొని దీన్ని అటక ఎక్కించాడు. కోమల పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదువుకుంది. పెళ్ళికి ముందు రిపేరు షాపులో పని కూడా చేసింది. అటక మీద ఆ పెట్టెను చూసి ఆమె ప్రాణం ఊరుకోలేదు. దించి, విప్పి, బ్రష్షుతో చిమ్మెటల సంసారాన్ని ఖాళీ చేయించింది. పాత షాపు యజమానిని అడిగి రెండు డిస్కులు తెచ్చి బిగించింది. డబ్బులు కట్టక్కర్లేని సిస్టమ్ ఎక్కించింది. దాంతో ఇంట్లో ఫోన్లలో తీసిన ఫోటోలన్నీ వాటంతటవే అందులోకి వెళ్ళి దాక్కునేవి. సినిమాలు దాన్లోంచి నేరుగా టీవీలోకి వచ్చేవి. అది నడుస్తున్నంతసేపూ ఇంట్లో నెట్ వాడే ప్రతిదీ దాని గుండానే పోయేది కనుక, పేజీల్లో ఎగిరే ప్రకటనలను చాలావరకు గుమ్మం దగ్గరే ఆపేసేది.

పట్టమ్మాళ్ రోజూ పొద్దున టాబ్లెట్‌లో తమిళంలో రాశిఫలాలు చదువుకుంటుంది. ఆ పేజీ అంత శుభ్రంగా ఎందుకు కనబడుతోందో ఆమెకు తెలియదు. తన రాశి మంచిదనుకునేది.

ఒక చిన్న సంగతి మాత్రం కోమల ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ సర్వర్ పెట్టిన చోటు. వెనక గదిలో ఇనప కాళ్ళ కుట్టుమిషను బల్ల ఒకటి ఉండేది. మిషను తలను లోపలికి మడిచి, పైన చెక్క మూత వేసి, ఎప్పటినుంచో అలాగే వదిలేశారు. "ఇక్కడ పెట్టుకోనా?" అని కోమల మొగుణ్ణి అడిగింది. "పెట్టుకో. అమ్మ దాన్ని ముట్టగా నేను పుట్టినప్పటి నించీ చూళ్ళేదు," అన్నాడు అరవింద్. బల్ల యజమానురాలిని ఎవరూ అడగలేదు.

ఆ దుప్పటి గొడవ అయిన రోజే సాయంత్రం, టూరిస్టులు దిగే వైట్ టౌన్‌లో చిన్న గెస్ట్ హౌస్ నడిపే ముకుందన్ అంగడికి వచ్చాడు. పట్టాభిగారికి దూరపు చుట్టం. సరుకుల చీటీ ఇచ్చి, ఎదురుచూస్తూ కష్టాలు చెప్పుకున్నాడు.

"మామా, రూముల్లో సినిమాలు చూడాలంటారు, నెట్టేమో నత్తనడక. కెమెరాల రికార్డింగు దాచేదానికి నెలనెలా ఎవురికో కట్టుకుంటా ఉండా. కొత్త పెట్టె కొనమంటాడు షాపోడు. దాని రేటు వింటే కళ్ళు తిరిగినాయి."

"మీకాడ పాత కంప్యూటర్లు లేవా అన్నా?" బియ్యం సంచి పక్కనుంచి కోమల అడిగింది.

"ఉండాయి, మెట్ల కింద రెండు. పాడైపోయినాయి."

"పాడై ఉండవు. ముసిలివైపోయి ఉంటాయి. అంతే."

ఆమె మెట్లెక్కి పైకి పిలుచుకెళ్ళి చూపించింది. ముకుందన్ గడ్డం గోక్కున్నాడు. "బాగుండాది తల్లీ. కానీ బయట ఊళ్ళో ఉన్నా నేను ఫోన్లో చూసుకోవాల. ఆయుధ పూజ నాడు మధ్యాహ్నం నా గెస్ట్ హౌస్‌లో కూర్చోని మీ ఇంటి పెట్టె తెరిచి చూస్తా. తెరుచుకుంటే పని నీదే. నా స్నేహితులు నలుగురైదుగురు ఇదే బాధ పడతా ఉండారు, వాళ్ళకీ చెప్తా. లేదంటే కొత్తది కొనేస్తా, ఏమీ అనుకోగూడదు."

అతని ఫోన్లో కావలసింది ఎక్కించి పంపాక, కోమల చాలాసేపు వెనక గదిలోనే నిలబడింది. పెళ్ళయ్యాక ఆమెను ఒకరు పని అడగడం అదే మొదలు. లోపలినుంచి పొంగుకొస్తున్న సంతోషాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆ పెట్టెకే చెప్పుకుంది. గుమ్మం దగ్గర ఆరిన బట్టలు మడతపెడుతున్న పట్టమ్మాళ్ అది విని, ఏమీ విననట్టు వెళ్ళిపోయింది.

ఆయుధ పూజ అంటే ఆ ఇంట్లో హడావిడి అంతా ఇంతా కాదు. ఎవరి పనిముట్టు వాళ్ళు కడిగి తుడిచి తెచ్చి సామి ముందు పెట్టాలి. పట్టాభిగారి త్రాసూ రాళ్ళూ, అరవింద్ బిల్లు మిషను, వంటింటి కత్తిపీట. గంధం, కుంకుమ పెట్టాక మర్నాడు పొద్దున దాకా వాటిని ముట్టకూడదు. అవి ఏడాదంతా మన కోసం కష్టపడ్డాయి, ఒక్క రోజు పడుకోనీ అంటుంది పట్టమ్మాళ్. అందుకని కూరలు కూడా ముందే తరిగి పెట్టేస్తుంది. ఒక ఏడు భక్తి ఎక్కువై పట్టాభిగారి కళ్ళజోడుకి కూడా బొట్టు పెట్టేసింది. ఆ పూటంతా ఆయన గోడలు పట్టుకుని నడిచారు.

కొత్త కోడలిగా మొదటి ఆయుధ పూజకి కోమల ఏం పెట్టాలో తెలియక ఒట్టి చేతులతో నిలబడింది. అప్పుడు పట్టమ్మాళ్ ఒక గరిటె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. కోమల నవ్వుతూనే దాన్ని సామి ముందు ఉంచింది. కళ్ళలో తిరిగిన నీళ్ళను సాంబ్రాణి పొగ మీదికి నెట్టేసింది. అప్పటినుంచీ ప్రతి ఏడూ గరిటే.

ఈసారి పూజ పొద్దున పూలకీ, బొరుగులకీ, గుమ్మడికాయకీ కోమలను మార్కెట్‌కి పంపించింది అత్తగారు. జనంలో నలిగి, రెండు సంచులు మోసుకుని ఆమె ఇంటి మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. ముకుందన్.

"ఏంది కోమలా, నీ పెట్టె తెరుచుకోలేదే? ఫోన్లో చక్రం తిరగతానే ఉండాది."

"మధ్యాహ్నం అన్నారు గదన్నా!"

"ఇప్పుడు కొంచెం తీరింది, చూద్దామనుకున్నా. మళ్ళీ రూములకి జనం వస్తారు."

"ఒక్క నిమిషమన్నా, చూసి చెప్తా."

సంచులు వరండాలోనే పడేసి వెనక గదిలోకి పరుగెత్తింది. గది ఖాళీ. పెట్టె లేదు. కింద ఉండే బల్ల కూడా లేదు. నేల మీద నెట్ తీగ ఒక్కటి పడి ఉంది.

పాత సామాన్లవాడి మాట ఆమె చెవిలో మోగింది. పండగ ముందు వాడు ఈ వీధిలో ఎన్నిసార్లు తిరిగాడో ఆమె చూసింది. ఒళ్ళంతా మండింది.

వంటింట్లో పట్టమ్మాళ్ శనగల గుగ్గిళ్ళకి తాలింపు వేస్తోంది.

"ఇచ్చేసినారు గదా అత్తా? అన్నంత పనీ చేసినారు గదా!"

"ఏందమ్మే?"

"నా సర్వర్ యాడ? పాత సామాన్లోడికి ఏసేసినారు గదా! నేను లేనప్పుడు కావాలనే మార్కెట్‌కి పంపించినారు. ఈ ఇంట్లో నాది అని చెప్పుకునేదానికి అదొక్కటే ఉండె అత్తా. మీ వంటిల్లు, మీ అంగడి, మీ పూజ. నాకేముండాది? ఒక గరిటె! అది కూడా మీరిచ్చిందే. ఇన్నాళ్ళకి ఒక మనిషి నన్ను నమ్మి పని ఇస్తానంటే అది కూడా ఓర్చుకోలేకపోయినారా?"

గొంతు వీధిలోకి వినబడింది. కింద అంగడిలోంచి అరవింద్ పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. కోమల అంత పెద్దగా మాట్లాడటం వాడు ఎప్పుడూ వినలేదు.

పట్టమ్మాళ్ మొహం ముడుచుకుపోయింది. మామూలుగా అయితే ఒక మాటకి నాలుగు మాటలు అనే మనిషి. ఆ రోజు పొయ్యి ఆర్పి, గరిటె పక్కన పెట్టింది.

"హాల్లో చూడు, పో," అంది మెల్లగా.

హాలుకి తెర వేసి ఉంది. కోమల దాన్ని పక్కకి లాగింది.

సామి పటాల ముందు ఎప్పటిలాగే త్రాసు, బిల్లు మిషను, కత్తిపీట ఉన్నాయి. వాటన్నిటికీ ముందు, మధ్యలో, పీట మీద ఆమె సర్వర్ ఉంది. నిగనిగలాడేలా తుడిచి, నాలుగు పక్కలా గంధం బొట్లు పెట్టి, కుంకుమ అద్ది, మల్లెపూల దండ చుట్టారు. పెట్టె పక్కనే ఇనప కాళ్ళ బల్ల. దాని మూత తెరిచి ఉంది. నల్లటి కుట్టుమిషను తల పైకి లేచి నిలబడి ఉంది. దానికీ గంధం, కుంకుమ.

పక్కన కుర్చీలో పట్టాభిగారు కూర్చుని, ఈసారి బొట్టు తప్పించుకున్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"పొద్దున్నించీ ఆ పెట్టెనే తుడస్తా ఉండాది మీ అత్త," అన్నారు. "నన్ను కూడా ముట్టనియ్యలా."

వెనకనుంచి పట్టమ్మాళ్ వచ్చింది.

"ఆ రోజు దానికాడ నిలబడి మాట్లాడతా ఉంటివి గదా, పని వచ్చిందని. నీ మొగం చూసినా. మీ మామ త్రాసు ముందు కూర్చుంటే అట్లనే ఉంటాది మొగం. ఇదే నీ ఆయుధం అనుకున్నా. గరిటె నీది కాదమ్మే, అది నాకు తెలుసు. నాది కూడా కాదు."

"అత్తా..."

"ఈ మిషను నా పుట్టింటిది. పెండ్లికి ముందు ఇరుగుపొరుగు రవికలన్నీ నేనే కుట్టేదాన్ని. ఈ ఇంటికి వచ్చి మొదటి ఆయుధ పూజకి దీన్ని తుడిచి తెచ్చి పెడితే, మా అత్త తీసేసింది. పుట్టింటి మిషను ఈ ఇంటి ఆయుధం ఎట్లయితాదంట. నా చేతిలో గరిటె పెట్టింది. నేను తల మడిచి మూత వేసేసినా. మళ్ళీ తెరవలా." పట్టమ్మాళ్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వొచ్చినాక నీ చేతిలో నేనూ అదే గరిటె పెట్టినా చూడు. ఇంతకంటే తప్పు ఏముంటాది?"

కోమల ఆ బల్ల వంక చూసింది. ఇన్నాళ్ళూ తన పెట్టె దేని మీద కూర్చుందో అప్పుడు అర్థమైంది. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

"నాకు తెలీదత్తా. ఎవురూ చెప్పలేదు. మీ మిషను మీద నా పెట్టె పెట్టినా. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు."

"అడిగి ఉంటే పెట్టుకో అని ఉంటా గదా. అడగలేదనే నాకు కోపం. కోపం వచ్చినా దుమ్ము పడతా ఉంటే చూస్తా ఊరకుండలేను, అందుకే దుప్పటి కప్పినా. కోపం కోపమే, దుమ్ము దుమ్మే."

అరవింద్ మెల్లగా వెనక్కి జారుకోబోయాడు. "నువ్వు యాడికి?" అంది తల్లి. "నేను ముట్టనని నా తరఫున చెప్పింది నువ్వే గదా?" వాడు ఉన్నచోటే నిలబడిపోయాడు.

కోమల పట్టమ్మాళ్ చేతులు పట్టుకుంది. "పాత సామాన్లోడికి ఇచ్చేసినారని ఎన్నెన్ని మాటలన్నానత్తా. తప్పైపోయింది." ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. పట్టమ్మాళ్ కూడా ఆపుకోలేదు. అత్తాకోడళ్ళు ఇద్దరూ అలా ఏడుస్తుంటే పట్టాభిగారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు.

ఫోన్ మళ్ళీ మోగింది. ముకుందనే. ఆ పేరు చూసి కోమల మొహం మారింది. అది చూసి పట్టమ్మాళ్‌కి విషయం అర్థమైంది.

"ఈ పెట్టె కోసమేనా ఆయన చేస్తా ఉండేది?"

"ఆమా అత్తా, దీనికోసమే. ఇప్పుడు చూస్తానంటా ఉండారు. తెరుచుకోకపోతే కొత్తది కొనేస్తారు."

పట్టమ్మాళ్ ఒక్క క్షణం సామి పటాల వైపు చూసింది. తర్వాత తనే ముందుకు వంగి పెట్టె మీది మల్లెల దండ మీద చెయ్యి వేసింది.

"తీసుకో. పెట్టుకో. సామి ఏమనుకోడు. నీ పని పోగూడదు."

కళ్ళజోడుకి కూడా విశ్రాంతి ఇచ్చిన మనిషి ఆమె. తన జీవితంలో ఎన్నడూ పూజలో పెట్టిన వస్తువును మర్నాడు తెల్లారకుండా కదిపి ఎరగదు. ఆమె దండను పట్టుకుందే గానీ లాగకపోవడం కోమల చూసింది. చూసి, ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"వద్దత్తా. మీరు పెట్టినారు. రేపు మీరే తియ్యండి."

ఫోన్ ఎత్తింది. "అన్నా, మా మిషను పూజలో ఉండాది. రేపు పొద్దున తీస్తాం. అంతవరకూ తెరుచుకోదు. మీరు కొత్తది కొనుక్కుంటే కొనుక్కోండి. నేనేమీ అనుకోను."

"సరేలేమ్మా, చూద్దాం," అని పెట్టేశాడు ముకుందన్. ఆ మాటలో ఏముందో ఎవరికీ తెలియలేదు. పని పోయినట్టేననుకుంది కోమల. అయినా గుగ్గిళ్ళు తింటుంటే ఎందుకో తేలిగ్గానే ఉంది.

పొద్దున తీరిక దొరక్క, మధ్యాహ్నం పట్టమ్మాళ్ రాశిఫలాలు చదువుదామని టాబ్లెట్ తెరిచి కెవ్వుమంది. "ఏందిది! బట్టతల మందంట, అప్పులంట, ఎవురో పిల్ల ఎగరతా ఉండాది! నా రాశి యాడ?"

"అదేనత్తా, మా పెట్టె చేసే పని," అంది కోమల. "అది పడుకుంటే ఇవన్నీ లోపలికి వచ్చేస్తాయి."

"అట్లనా!" పట్టమ్మాళ్ పూజ వైపు తిరిగి దండం పెట్టుకుంది. "పాపం, ఒక్కటే ఇన్ని పనులు చేస్తా ఉండాదా."

విజయదశమి పొద్దున ఎవరి పనిముట్టు వాళ్ళు తీసి కొంచెమైనా పని చెయ్యాలి. పట్టాభిగారు పిడికెడు బియ్యం తూచారు. అరవింద్ ఒక బిల్లు కొట్టాడు. పట్టమ్మాళ్ మిషనుకి నూనె చుక్క వేసి, తొక్కుడు పలక మీద కాళ్ళు పెట్టి, మెల్లగా కదిపింది. మొదట కిర్రుమంది. తర్వాత టకటకమంటూ అందుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు వినబడింది.

"ఇంగ నీది," అంది కోడలితో.

అరవింద్ మిషనునూ పెట్టెనూ మళ్ళీ వెనక గదిలోకి చేర్చాక, కోమల తీగలు పెట్టి మీట నొక్కింది. లోపల ఏదో గరగరలాడింది. నిన్న చెప్పకుండా తీగ పీకారు, తడిగుడ్డతో తుడిచారు; డిస్కు పోయిందేమోనని భయం. ఆపేసి వెనక్కి తిప్పి చూస్తే ఫ్యాను రెక్కల్లో మల్లె రేకులు, గాలి పోయే జల్లెడ కన్నాల్లో ఎండిన గంధం.

"నా పూజే కొంపముంచిందే!" పట్టమ్మాళ్ నెత్తి కొట్టుకుంది. వెంటనే మిషను సొరుగులోంచి సూది తీసింది. "జరుగు. ఇది నా చేతి పని." సూది మొనతో ఒక్కో కన్నంలోంచీ గంధం గీకి తీసింది. కోమల బ్రష్షుతో రేకులు తుడిచింది. ఇద్దరి తలలూ ఆ పెట్టె మీద ఆనుకున్నాయి.

మళ్ళీ మీట నొక్కారు. ఫ్యాను సాఫీగా తిరిగింది. పచ్చదీపం వెలిగింది. కోమల ఫోన్లో తెరిచి చూసుకుంది. ఫోటోలన్నీ ఉన్నాయి. వెనక గదంతా మల్లెపూల వాసన.

అప్పుడే కింద ఆటో ఆగింది. అరవింద్ మెట్ల మీదనుంచి కేక వేశాడు, "కోమలా, ఎవురొచ్చినారో చూడు!"

ముకుందన్ రెండు చేతులా ఒక పాత పెట్టెను పట్టుకుని ఎక్కుతున్నాడు. ఇంకోటి అరవింద్ మోస్తున్నాడు. "నిన్న మా అమ్మకి చెప్పినా, వాళ్ళ మిషను పూజలో ఉండాదంట అని. ఆ పిల్లకే ఇయ్యి అని పట్టుబట్టింది. దసరా నాడు మొదలుపెట్టిన పని బాగుంటాది గదా. ఇవి మళ్ళీ లేస్తాయా తల్లీ?"

కోమల ఒక పెట్టె మూత విప్పి లోపలికి తొంగి చూసింది. "లేస్తాయన్నా. దుమ్ము పట్టినాయి, అంతే." చెబుతూనే నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

ముకుందన్ కాఫీ తాగి వెళ్ళాక, వెనక గదిలో మిషను చప్పుడు వినబడింది. కోమల వెళ్ళి చూస్తే పట్టమ్మాళ్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, పాత పట్టుచీర ముక్కతో ఏదో కుడుతోంది.

"ఏం కుడతా ఉండారత్తా?"

"నీ పెట్టెకి జుబ్బా. దుమ్ము పడగూడదు గదా."

కోమల నోరు తెరవబోయింది. పట్టమ్మాళ్ కుట్టడం ఆపి, గుడ్డ తిప్పి వెనక భాగం చూపించింది. అక్కడ, ఫ్యాను ఉండేంత మేర చీర కత్తిరించి, పాత దోమతెర ముక్క అతికించి చుట్టూ కుట్టు వేసి ఉంది.

"గాలి ఆడాల గదమ్మే," అంది అత్తగారు.